అరకిలో రూలు

ఇరవై నాలుగు ఇళ్ళున్న ఆ అపార్ట్‌మెంటుకి అతనే అధ్యక్షుడు. ఆఫీసులో సూపరింటెండెంటే అయినా, ఇక్కడ భార్యతో సహా అందరూ అధ్యక్షుడనే అంటారు. భార్య అన్నప్పుడు మాత్రం గౌరవం కాస్త తగ్గుతుంది. నగరం చెత్తలో మునిగిపోతోందని మొన్నటి మీటింగులో గంటసేపు గొంతు చించుకుని, ఇంటికి రోజుకు అరకిలో మించి చెత్త రాకూడదని రూలు పెట్టించాడు. పొద్దున్నే గేటు దగ్గర వాచ్‌మన్ తూకం వేస్తాడు. మించినవాళ్ళ పేరు బోర్డుకెక్కుతుంది.

రూలు అమల్లోకొచ్చిన మొదటి పొద్దున, అందరికంటే ముందు తన బుట్ట తూయించి ఆదర్శంగా నిలవాలని అధ్యక్షుడి సంకల్పం. వంటింట్లోకి తొంగిచూస్తే మూలన తొక్కల గుట్ట. ముందురోజు మరదళ్ళిద్దరూ పిల్లాజెల్లాతో వచ్చి నాలుగు పుచ్చకాయలు లాగించి వెళ్ళారు. తొక్కలే ఆరు కిలోలుంటాయి.

"ఇదేమిటే?"

"మీరు పెట్టిన రూలు. మీరే మొయ్యండి," అంది భార్య.

పరువు పోయేకన్నా నడుం పోవడం నయం. తొక్కలన్నీ గుడ్డసంచిలో కుక్కి, గట్టిగా ముడివేసి, "ఆఫీసు ఫైళ్ళు" అని వాచ్‌మన్ అడక్కుండానే చెప్పి బస్సెక్కాడు. దారిలో పారేద్దామంటే ఒక్క కుండీ లేదు. నగరం శుభ్రంగా ఉండాలని కుండీలన్నీ తీసేశారు. చివరికి సంచిని సీటు కిందే వదిలేసి, ఏమీ ఎరగనట్టు దిగిపోయాడు. ఓ పెద్దాయన బస్సు ఆపించి మరీ ఆయాసపడుతూ వెంటబడ్డాడు.

"బాబూ, సంచి మరిచిపోయావు! అసలే రోజులు బాగాలేవు, జాగ్రత్త!"

లోకంలో నిజాయితీ ఇంకా చావనందుకు అధ్యక్షుడికి ఏడుపొచ్చింది.

చేసేదిలేక సంచిని ఆఫీసుకు తెచ్చి, తన బల్లకింద తోసి, ఫైళ్ళ గదిలోకి పోయాడు. ఆ రోజు అకౌంటెంటుగారి రిటైర్మెంటు విందు. తలా ఒక వంటకం తెచ్చారు. బల్లకింద సంచి చూసిన అటెండరు, "సార్‌కి మరీ మొహమాటం," అనుకుని, మోసుకెళ్ళి విందు బల్ల నడిమధ్యన పెట్టాడు. అధ్యక్షుడు వచ్చేసరికి మేనేజరు మేడమ్ ముడి విప్పుతోంది.

"బరువు చూస్తే సూపరింటెండెంటుగారు గట్టిగానే తెచ్చినట్టున్నారే!"

సంచి నోరు తెరిచింది. అందరి నోళ్ళూ మూతపడ్డాయి. అకౌంటెంటుగారి చెంచా గాల్లోనే ఆగిపోయింది.

"ఎరువు, మేడమ్," అని నోటికొచ్చింది అనేశాడు అధ్యక్షుడు. "అంటే, ఎరువుకి ముడిసరుకు. మా ఇంట్లో తయారుచేస్తుంటాను. మీకూ నేర్పుదామని..."

ఉద్యోగం ఊడినట్టేనని కళ్ళు మూసుకున్నాడు. చప్పట్లు వినబడ్డాయి.

"చెత్త తగ్గించమని పైనుంచి మూడు సర్క్యులర్లొచ్చాయి," అంది మేడమ్ కళ్ళొత్తుకుంటూ. "ఇలాంటి మనిషిని పక్కనే పెట్టుకుని కంగారుపడ్డాను చూడండి! ఇక మన ఆఫీసు చెత్తంతా మీదే!"

సాయంత్రం రెండు డ్రమ్ముల విందు చెత్తతో ఆఫీసు వ్యాను అతణ్ణి గేటు దగ్గర దింపింది. వాచ్‌మన్ వినయంగా సుద్దముక్క తీశాడు. చుట్టూ జనం మూగారు. ఒకసారి పనికొచ్చిన అబద్ధాన్ని పారెయ్యడమెందుకని అధ్యక్షుడు మళ్ళీ అదే వాడాడు.

"ఇది చెత్త కాదండీ. ఎరువు చేస్తున్నాను, మా ఇంట్లో."

"ముందే చెప్పొచ్చుగా అన్నయ్యగారూ!" అంది పక్కింటావిడ. "అరకిలోకి ఎలా కుదించాలా అని పొద్దుట్నించీ చస్తున్నాం!"

లోపలికెళ్ళి బకెట్‌తో తిరిగొచ్చింది. ఆవిడ వెనక మెట్లదాకా వరస కట్టారు. భార్య పైనుంచి ఒక్క చూపు చూసి, పెట్టె సర్దుకుని దిగింది.

"మా చెల్లెలింట్లో ఉంటాను. వాసన తగ్గాక కబురు చెయ్యండి, అధ్యక్షా."

నెల తిరిగేసరికి, చెత్త బయటికే పంపని భవనమని మునిసిపాలిటీవాళ్ళు ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని అధ్యక్షుడి హాల్లోనే తగిలించాలని అందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. గోడ ఖాళీగానే ఉంది గానీ, అక్కడిదాకా వెళ్ళే దారే లేదు.