నల్లముట్టె పురుగుకు స్పర్శ పరీక్ష

కృష్ణా జిల్లాలో స్పర్శజ్ఞానం పరిపూర్ణంగా గల ప్రాణులు రెండే రెండు. ఒకటి, కొబ్బరాకు తినే నల్లముట్టె పురుగు. రెండోది, సర్కారు కచేరీ. వెంట్రుకతో తాకినా చాలు, తమకెవరో హాని తలపెట్టారని రెండూ ఎగిరిపడతాయి.

పురుగు సంగతి నాకు శాస్త్రం చదివి తెలియలేదు. బందరులో పురుగుల నివారణ కచేరీ అరుగు మీద అర్జీలు రాసి బతికేవాణ్ణి గనుక తెలిసింది. దాని ఒంటిమీద సన్నని వెంట్రుకలుంటాయి. వాటికి పరాయి కాలు తగలగానే మెలికలు తిరిగి, తల విదిలించి, వచ్చినదాన్ని దులిపేస్తుంది. వచ్చేది చీమంత కందిరీగ. అది పురుగును కుట్టి, కదలకుండా చేసి, దానిమీద గుడ్లు పెడుతుంది. పుట్టిన పిల్లలు పురుగును తినేస్తాయి. అందుకని దొరతనంవారు ఆ కందిరీగలను, కచేరీ భాషలో రీగలను, గాజుగొట్టాల్లో పెంచి, పురుగు పట్టిన తోటలకు ఉచితంగా ఇచ్చేవారు. (ఇచ్చేవారన్నది ఉత్తరువులోని మాట. నేను చూడలేదు.)

1936 వేసవిలో పాలకాయతిప్ప నుంచి కొండమ్మ వచ్చింది. మొగుడు పోయాక ఆవిడకు మిగిలిన ఆధారం నలభై కొబ్బరిచెట్లు.

"ఆకులన్నీ మాడిపోయినయ్యండి పంతులుగారూ. మొవ్వొక్కటే పచ్చగుంది. అదీ పోతే చెట్టు చచ్చినట్టే. కాస్త గట్టిగా రాయండి," అంది.

గట్టిగానే రాశాను.

ఇన్‌స్పెక్టరు గంగాధరరావుగారు నిబంధనలు కంఠతా వచ్చిన మనిషి. పదకొండో నిబంధన ప్రకారం, రీగలు ఇచ్చేముందు పురుగుకు స్పర్శ పరీక్ష జరగాలి. ప్రాణంతో ఉన్న పురుగును అర్జీదారు తేవాలి. అధికారి దాన్ని గుర్రపు తోకవెంట్రుకతో మూడుసార్లు తాకాలి. (పురుగును తాకితే మైల అవునో కాదో నిబంధనల్లో లేదు. ఎందుకైనా మంచిదని ఆయన ప్రతి పరీక్ష తరవాతా స్నానానికి ఇంటికి వెళ్లేవారు. ఆ పూటకి కచేరీ సెలవు.)

కొండమ్మ ముంతలో ఆకుముక్కలు వేసి పురుగును తెచ్చింది. వెంట్రుక తగలగానే అది ముంత అంచుదాకా ఎగిరింది.

"ఇంత జోరుగా తిరగబడే పురుగు మా రీగలను దగ్గరికి రానివ్వదు. సర్కారు రీగలు వృథా అయిపోతాయి. ఇవ్వకూడదు," అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

వారం తరవాత కొండమ్మ పడవలో రేవు దాటి మళ్లీ వచ్చింది. ఈసారి పురుగు కదలలేదు.

"దీన్ని ఇదివరకే రీగ కుట్టింది. మీ తోటలో రీగలుండగా మళ్లీ మేమెందుకివ్వడం?"

"ఎండకి సొమ్మసిల్లిందండి బాబూ!"

సొమ్మసిల్లిన పురుగుకు నిబంధన లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆ రెండూ తవ్వించి నంబర్లు వేసింది మా కచేరీయే.

జవాను అబ్దుల్ ఖాదర్ ఉండబట్టలేకపోయాడు. గొట్టాల్లో రీగలకు తేనెచుక్క పెట్టేది అతనే, వాటిని రోజంతా చూసేదీ అతనే.

"పురుగు ఎగిరిపడితే రీగ పారిపోదండి అయ్యగారూ. పక్కనే కూచుంటది. అది అలిసిపోయాక కుడతది. గొట్టాలు ఇచ్చెయ్యండి, లోపలే చచ్చిపోతున్నయ్."

జవాన్లకు కళ్లుంటాయని నిబంధనలు రాసినవారు ఊహించలేదు. ఇన్‌స్పెక్టరుగారు అతనికి మెమో ఇచ్చి, తిరగబడే పురుగు అలుస్తుందా, అలవదా తెలుపవలసిందని మద్రాసుకు రాశారు.

ఎనిమిది నెలలకు జవాబొచ్చింది. అలుస్తుందట. ఈలోగా కొండమ్మ ఇంకో ఆరుసార్లు తిరిగింది. ఆరు అర్జీలూ నేనే రాశాను. నా రాత చూస్తే నాకే రోత పుట్టింది. ఆవిడ మాత్రం వెళ్లేటప్పుడల్లా నాకు దణ్ణం పెట్టేది.

జవాబు అందిన మర్నాడే ఇన్‌స్పెక్టరుగారు కొత్త గొట్టాలు మోయించుకుని, రిపోర్టు రాయడానికి నన్ను వెంటబెట్టుకుని, స్వయంగా పాలకాయతిప్ప వెళ్లారు. నలభై మానులు నిలబడి ఉన్నాయి. ఒక్కదానికీ ఆకు లేదు, మొవ్వు లేదు. తినడానికేమీ లేదు గనుక పురుగులూ లేవు. ఆయన భూతద్దం పట్టుకుని మాను మానుకీ తిరిగి చూసి, నావైపు సంతోషంగా తిరిగారు.

"రాయండి. ఈ తోటలో పురుగు సమూలంగా నశించింది."

కొండమ్మ ఒక మానుకు ఆనుకుని నిలబడింది.

"మరి నా చెట్లండీ?"

గంగాధరరావుగారు ఎంతో మర్యాదగా చెప్పారు.

"చెట్లు మా శాఖ కాదమ్మా."