ప్రాణదాత పడవకి సన్మానం

ఒక పెద్ద అడవి. అడవి మధ్యన ఏరు, ఏటి మధ్యన కుందేళ్ల లంక. వరదొచ్చినప్పుడల్లా ఆ కుందేళ్లని గట్టుకి చేర్చేది ఒకే ఒక్క పాత పడవ.

అంత చరిత్ర ఉన్న పడవ ఎండకీ వానకీ పడి ఉండటం అడవి సభకి నామోషీ అనిపించింది. సభకి అధ్యక్షుడు ఎలుగుబంటి. తేనెపట్టు తప్ప ఏదీ స్వయంగా చూసుకోదు. కార్యదర్శి నక్క. అది సరేనంటే అనుమానించాలి, నవ్విందంటే పారిపోవాలి.

"బాగుచేయించి, ఏటి ఒడ్డున దిమ్మ మీద నిలబెట్టి, అందరికీ చూపిద్దాం" అంది నక్క.

పని కోతికి అప్పజెప్పారు. అది పడవని తోమి, నీలం రంగేసి, సిమెంటు దిమ్మకి బోల్టులతో బిగించింది.

"ఇది అంగుళం కదిలితే తోలు తీస్తా. అవునూ, అడుగున ఈ బెజ్జాలేంట్రా?" అంది ఎలుగుబంటి.

"వాన నీళ్లు నిలిస్తే చెక్క పుచ్చిపోద్దండి. కారిపోటానికి పెట్టా."

"శభాష్! ముందుచూపంటే ఇదీ!"

ఏడ్చినట్టుంది ముందుచూపు.

లంక కుందేలు మంగాయమ్మ వచ్చి చూసి గుండెలు బాదుకుంది. "బాబూ, రేపు వరదొస్తే నా పిల్లలు ఎట్టా దాటాలి?"

నక్క నవ్వింది. "అంత మాటంటావేంటమ్మా! నీకు ముందువరసలో కుర్చీ వేయిస్తున్నాంగా?"

ఆవిష్కరణ రోజున స్వాగత ద్వారానికి అటూ ఇటూ అరటి చెట్లు కట్టారు. ఎలుగుబంటి పడవెక్కి ఉపన్యాసం అందుకుంది. "ఈ పడవ ఉన్నంతకాలం మనకి వరద భయం..."

లేదు అనేలోపే ఏరు పొంగింది. సభంతా పడవలోకి దూకింది. కోతి మాత్రం చెట్టెక్కింది.

"తొయ్యండ్రా!"

"బెజ్జాల్లోంచి నీళ్లొస్తున్నాయండీ!"

"బోల్టులు విప్పరా కోతీ!"

"కదిలితే తోలు తీస్తానన్నది తమరేగా?" అంది కోతి పైనుంచి.

మంగాయమ్మ ఎవరి మాటా వినలేదు. ద్వారం తాళ్లు కొరికి, అరటి బోదెలు నాలుగు జతచేసి కట్టి, వెదురు గడతో లంకకి పోయి పిల్లల్ని తెచ్చుకుంది. తిరిగొస్తూ, పడవంచు పట్టుకుని వేలాడుతున్న సభని చూసింది.

"ఎక్కండి. ఉపన్యాసాలొద్దు."

నీరు తీసింది. ఒళ్లంతా బురదతోనే సభ సమావేశమై ఏకగ్రీవంగా తీర్మానించింది: ఆ చారిత్రక తెప్పకి దిమ్మ కట్టించాలి. దండ పట్టుకుని గట్టున కుందేళ్ల దగ్గరికి కదిలింది.

"తెప్ప ఏదమ్మా?"

మంగాయమ్మ, పిల్లలు నోటినిండా నములుతున్నారు.

"తినేశాం బాబూ. మీరొస్తారని తెలిసే."

నీతి: మనల్ని కాపాడినవాళ్లు ఇంకోసారి కాపాడకుండా ఉండాలంటే, వెంటనే ఘనంగా సన్మానించెయ్యాలి.