పలక చల్లారేదాకా

ఆ రోజు పొద్దున్న కూర్మారావు వేసుకున్న పథకంలో ఏ తిరకాసూ లేదు. ప్లాస్టిక్ కరిగించి అచ్చులో పోయడం, మూత మీద బరువు పెట్టడం, సాయంత్రం దాకా దాని జోలికి పోకుండా ఉండడం. సాయంత్రం గోపాలపూర్ నుంచి కాంట్రాక్టరు నాగరాజు వస్తాడు, పలక చూస్తాడు, నచ్చితే సముద్రం ఒడ్డున వేయించే బెంచీలన్నిటికీ ఇక్కడే పలకలు కొంటాడు. మనిషి చెయ్యవలసిన పని తక్కువగా ఉన్న పథకాలంటే కూర్మారావుకు మొదటినుంచీ నమ్మకం.

సూరత్ మగ్గాల మిల్లుల్లో ఏళ్ల తరబడి పనిచేసి, ఇక ఊరు వదిలేది లేదని ఒడిశాలోని బరంపురం తిరిగొచ్చి, ఆ ఊరి అంకులి పేటలో ఇంటి పక్కనే రేకుల షెడ్డు వేశాడు. చిరిగిన వలలు, పగిలిన బకెట్లు కరిగించి బెంచీలకు మందపాటి పలకలు పోస్తాడు. పోయడం వచ్చింది, తిన్నగా ఉంచడమే రాలేదు. మందపు పలక పైన గట్టిపడినా లోపల చాలాసేపు ఉడుకుతూనే ఉంటుంది. ఆ లోపలిది తీరిగ్గా చల్లారుతూ, ముడుచుకుంటూ, మొత్తం పలకను లాగేస్తుంది. ఇంతవరకూ పోసినవన్నీ అరటిపండు వంపు తిరిగాయి. ఒకదాని మీద కోళ్లు ఎక్కి దిగుతున్నాయి. ఇంకొకటి వీధి పిల్లలు ఊగడానికి పట్టుకుపోయారు.

చివరికి కిటుకు దొరికింది. అచ్చుకు కిందా పైనా ఒకేలా గాలి తగలాలి, ఎండ ఒక పక్కనే పడకూడదు, పూర్తిగా చల్లారేదాకా మూత మీద బరువు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సమానంగా ఉండాలి. అందుకని అచ్చును వీధిలోకి తెచ్చి రాళ్ల మీద ఎత్తి పెట్టాడు. పైన షామియానా కట్టాడు. ఇనప మూత మీద గోనెసంచులు పరిచి, పక్కింటి మసేను గోడ కోసం తెప్పించుకున్న ఇటుకలు పేర్చాడు. అడిగి పేర్చాడా అంటే, అడుగుదామనే అనుకున్నాడు.

"ఇదీ వంగిందా, నీ పెట్టె నానే సర్దుతాను. సూరత్ రైలెక్కీ," అంది భార్య కాసులమ్మ.

అలా అంది గానీ, ఆ పెట్టెను అటక మీద బస్తాల వెనకాల దాచింది ఆవిడే. మొగుడు మళ్లీ వెళ్లిపోతాడేమోనని ఆవిడకు ప్రాణం కొట్టుకుంటూ ఉంటుంది. ఆ భయం నోట్లోంచి బయటికొచ్చేసరికి ఎప్పుడూ కోపమైపోతుంది.

పలక పోసి ఎంతోసేపు కాలేదు, మసేను తాపీ మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు.

"నా ఇటికలేటి, నీ డబ్బా మీదున్నాయి?"

"సాయంత్రం దాకా ఉండనీ మసేనన్నా."

"మేస్త్రీ సాయంత్రం దాకా కూకుంటాడేటి?"

ఇటుకలు వెళ్లిపోయాయి. కూర్మారావు చప్పున మూత మీద ఒక చివర కూర్చున్నాడు. రెండో చివర సన్నగా లేచింది.

"కాసులమ్మా! బేగి రా! ఆ సివర కూకో!"

"పొయ్యి మీద పూరీలున్నాయి!"

"పూరీలు మాడితే మళ్లీ ఏసుకుందాం, రాయే!"

ఆవిడ వచ్చి కూర్చుంది. ఇప్పుడు నడుమ ఉబ్బింది. కూర్మారావు మెల్లిగా నడుమకు జరిగి, బిందె పట్టుకుని వెళుతున్న ఎదురింటి పద్మినిని తన చోట్లోకి పిలిచాడు. పూరీ ఉప్మా పెడతామన్నాక ఆవిడ కాదనలేదు. కూర్చున్న కాసేపటికి ఆవిడ ముఖం విచ్చుకుంది.

"ఓలమ్మ, కింద ఎచ్చగా ఉంది. నా నడుం నొప్పి లాగీసినట్టుందే!"

ఆ మాట వీధి చివరికి పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. నడుం నొప్పి లేని మనిషి అంకులిలో ఎవరు? మూత నిండిపోయింది. బరువు సరిపోయేలా కూర్మారావు ఒక లావాటి ఆసామికి ఎదురు చివర ఇద్దరు బక్కవాళ్లను సర్దాడు. ఇంట్లో పని ఉన్నవాళ్లు లేవాలంటే ఒకటే షరతు పెట్టాడు.

"ఒకలు కూకున్నాకే ఇంకొకలు లెగాల!"

షామియానా కింద వరసగా జనం, మధ్యలో మనుషులు మారడం, చోటు దొరకనివాళ్లు రోడ్డుకు అడ్డంగా నిలబడడం. బరంపురంలో ఇది చూసి వేరే అర్థం తీసేవాడు లేడు. ఒక ఆటో అతను తల బయటపెట్టి అడిగాడు.

"ఎవుల మీద ధర్నా?"

"నాకేటి తెల్సు? లెగవొద్దన్నారు, కూకున్నాను," అంది పద్మిని.

ధర్నాల్లో అతను ఎప్పుడూ వినే జవాబే అది. అందుకే నమ్మి, ఆ కబురు సెంటర్ దాకా మోసుకుపోయాడు.

వార్డు ఎన్నికల్లో రెండుసార్లు ఓడిన దిలీప్‌బాబు తన ప్రమేయం లేకుండా ధర్నా జరుగుతోందంటే అన్నం ముట్టలేడు. మైకుతో, దండతో దిగాడు. నడుమ కూర్చున్నవాడే ముఖ్యుడని దండ కూర్మారావు మెడలో వేశాడు.

"మన డిమాండేటి?"

"డిమాండేటి బాబూ? ఇది ధర్నా కాదు."

ఆ మాట రెండు చివరలకూ వినిపించింది.

"కాదా? మరింక ఎల్తాం," అంటూ అటు ఇద్దరూ ఇటు ఒకరూ లేవబోయారు. మూత కిర్రుమంది. కూర్మారావు రెండు చేతులూ చాచాడు.

"ధర్నావే! ధర్నావే బాబూ! కూకోండి!"

అందరూ కూర్చున్నారు. ఇక డిమాండు వెతికే పని దిలీప్‌బాబుకు పడింది. అటు చూశాడు, ఇటు చూశాడు, ముక్కు ఎగబీల్చాడు. ఎదురుగా రేకుల షెడ్డు. పొద్దున్న కరిగించిన ప్లాస్టిక్ వాసన ఇంకా పోలేదు.

"ఈ షెడ్డు మూసీయాల!" అని మైకులో అరిచాడు. "అందాక ఈ జనం కదలరు!"

కూర్మారావు ఎగిరి లేవబోయాడు.

"లెగవకు మావా!" కాసులమ్మ గావుకేక పెట్టింది. "మూత నడుమ లెగిసిపోద్ది!"

అతను ఆగిపోయాడు. లేస్తే పలక ఈ క్షణమే పోతుంది. షెడ్డంటారా, అది మైకులో అన్న మాట. మైకులో అన్న మాట జరగడం అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కూర్చున్నాడు. అందరూ జిందాబాద్ అంటే తనూ చెయ్యెత్తాడు. పక్కన చప్పట్లు వినిపిస్తే తిరిగి చూశాడు.

"పద్మినీ, నువ్వు కూడానా?"

"పూరీ మాటిచ్చినావు, కాదన్ను అన్నా. గానీ వాసన మాట నిజవే కదా."

అయితే ఆ రోజు రోడ్డు మీద నిలిచిపోయిన బళ్లలో ఒక మున్సిపల్ పెద్ద ఆఫీసరుగారి జీపు ఉంది. మీటింగుల్లో సాయంత్రమైపోయి, ఆయన అప్పుడే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళుతున్నాడు. ఏళ్ల తరబడి అర్జీలు పెట్టినా కదలని ఆఫీసు, భోజనం ఆలస్యమయ్యేసరికి నడిరోడ్డు మీద కదిలింది. ఆయన దిగి, నాయకుడెవరని ఒడియాలో అడిగాడు. అన్ని వేళ్లూ దండ వైపు తిరిగాయి.

"మీ కోరిక న్యాయమైనది. షెడ్డు ఇప్పుడే మూయిస్తాను," అన్నాడు ఆఫీసరు.

"అయ్యా, ఆ షెడ్డు నా..."

మాట పూర్తయ్యేలోపు దిలీప్‌బాబు అతని నోటికి నిమ్మరసం గ్లాసు ఆనించాడు. దీక్ష ముగిసిందంటే నిమ్మరసం తాగించాల్సిందే. జనం చప్పట్లు కొట్టి, జేజేలు పలికి, ఎటువాళ్లటు లేచి వెళ్లిపోయారు. కూర్మారావు పొలమారి దగ్గుతూనే వంగి అచ్చు మీద చెయ్యి వేశాడు. పూర్తిగా చల్లారింది.

అప్పుడే గోపాలపూర్ నాగరాజు దిగాడు. ఇద్దరూ కలిసి మూత తీశారు. నాగరాజు పలక మీద దారం లాగి పట్టుకుని, వంగి, ఒక కన్ను మూసి చూశాడు. దారానికీ పలకకీ మధ్య వెలుతురు దూరే సందు లేదు.

"ఇంత తిన్నగా ఎలగొచ్చింది?"

"నలుగురూ సాయం పట్టారు బాబూ."

"బెంచీలన్నిటికీ నీ పలకలే ఎయ్యి. రేపే మొదలెట్టీ."

కాసులమ్మ కళ్లు కొంగుతో తుడుచుకుంది.

"పెట్టె అటక మీదే ఉండనీ మావా," అంది. పొద్దున్నుంచీ కోపం లేకుండా ఆవిడ అన్న మొదటి మాట అది. సూరత్ ఇక కలలోకి కూడా రాదనుకున్నాడు కూర్మారావు.

వెనకాల షెడ్డుకు తాళం పడిన చప్పుడైంది.

ఆఫీసరు ఉత్తర్వు రాసి, దాని మీద ఉద్యమ నాయకుడి సంతకం కూడా ఉండాలన్నాడు. జీపు బానెట్ ఏటవాలుగా ఉంది. మసేను కొత్త గోడ తడి ఆరలేదు. ఆయన చుట్టూ చూసి, కాగితం తెచ్చి కొత్త పలక మీద పరిచి, కూర్మారావు చేతికి కలం ఇచ్చాడు.

పలక తిన్నగా ఉండడం వల్ల సంతకం మాత్రం చక్కగా వచ్చింది.