మూడు రోజుల ఓబయ్య

సోమవారం పొద్దున జయచంద్ర వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా తిరుపతి కొర్లగుంటలో బండి తీయాలి. తొమ్మిదికి ముందే రేణిగుంట గోడౌన్ గేటు దగ్గర హాజరు మిషన్‌కు ముఖం చూపించాలి. లోపలికి పోయి అందరికీ కొండ లడ్డు పంచాలి. మంగళ, బుధవారాలు కూడా ఇలాగే ముఖం చూపిస్తే ఏడాదికి రెండు వందల నలభై హాజర్లు నిండుతాయి. బుధవారంతో మార్చి అయిపోతుంది. అన్ని హాజర్లు నిండిన కాంట్రాక్టు గుమస్తాను పర్మనెంట్ చేస్తారని కంపెనీ రూలు. పదకొండేళ్లుగా ప్రతి ఏడూ ఏదో ఒక జ్వరమో, చావో, పెళ్లో అడ్డం పడి అతనికి నాలుగైదు రోజులు తక్కువయ్యేవి. ఈసారి కావలసినవి మూడు, మిగిలినవీ మూడే.

చేతిలో లడ్డు సంచి, నెత్తి మీద నున్నటి గుండు. ముందురోజే కొండ మీద తలనీలాలు ఇచ్చి వచ్చాడు. ఉద్యోగం పర్మనెంట్ అయితే ఇస్తానని మొక్కుకున్న తలనీలాలవి. కానీ దర్శనం టిక్కెట్లు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో పెడతారు, పెట్టిన కాసేపటికే అయిపోతాయి. దొరికింది మార్చి ఆఖరి ఆదివారం. "పని అయినాక గదా మొక్కు తీర్చేది" అని భార్య మునిలక్ష్మి గొణిగింది. "ఇంక మూడు దినాలే గదా. ముందే ఇచ్చేస్తే స్వామికీ మన మీద నమ్మకం ఉంటాది" అన్నాడు జయచంద్ర. గుండుతో పాటు ఇరవై ఏళ్ల మీసం కూడా పోయింది.

ఆ టిక్కెట్లు పట్టింది కూతురు మహిత. ఇంటర్ చదివే ఆ పిల్ల ఫోనులో తుపాకీ ఆటలు ఆడీ ఆడీ వేళ్లకు వేగం తెచ్చుకుంది. తండ్రి కళ్లజోడు వెతుక్కునేలోగా మూడు టిక్కెట్లు లాగేసింది. ఆ సంగతి ఒప్పుకోవడానికి జయచంద్రకు మనసొప్పలేదు. వీడియో గేముల మీద అతనికి అప్పటికే ఒక అభిప్రాయం ఉంది మరి.

అసలు అతనికి అభిప్రాయం లేని విషయం లేదు. శ్రీహరికోటలో రాకెట్ ఏ పూట ఎగరాలో చెబుతాడు. ఏ దేశం యుద్ధం ఎప్పుడు ఆపాలో చెబుతాడు. కొత్త ఫోను కొన్నవాడికి అది ఎందుకు కొనకూడదో చెబుతాడు. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టి, ఆ ముడి విప్పుకునే పని ఎదుటివాడికి వదిలేసి పోతాడు. ఆ ముడిలో ఎవరి వేలు ఇరుక్కుందో వెనక్కి తిరిగి చూసిన పాపాన పోలేదు. చాలామందిమి చూడం, అతనొక్కణ్ణీ అనడం ఎందుకు.

రేణిగుంటలో టీ కోసం బండి ఆపాడు. అక్కడ స్టెల్లా మైకు పట్టుకుని నిలబడి ఉంది. దారిన పోయేవాళ్ల అభిప్రాయాలు పట్టి యూట్యూబ్‌లో పెట్టడం ఆ అమ్మాయి పని. జయచంద్ర ఆమెకు ఎదురుపడటం, కోతికి కొబ్బరికాయ దొరకడం ఒకటే.

"అన్నా, ఒక్క నిమిషం. వీడియో గేములు పిల్లోళ్లను చెడగొడతా ఉండాయంటారా?"

"ఇంక చెడగొట్టేదేముంది, అయిపోయింది. మా ఇంట్లోనే ఉండాది ఒకటి. అన్నం తింటా కూడా ఎవుర్నో ఒకర్ని కాలుస్తా ఉంటాది. అన్నీ మూసేయాల."

"ఏఐ వస్తే ఉద్యోగాలు పోతాయంటా ఉండారు?"

"పనిచేసేవాడికి ఏం కాదమ్మా. మా గోడౌన్లో ముఖం చూసి హాజరు వేసే మిషన్ పెట్టినారు. మూడు నెలలు తిరక్కముందే ఒకడు దొరికిపోయినాడు. మిషన్‌కు నా ముఖం తెలీడం లేదని ఒకటే ఏడుపు. మనిషి అబద్ధం చెప్తాడు, మిషన్ చెప్పదు. మిషన్ అంటే భయపడేది దొంగలే."

"మరి ఈ యుద్ధాల మీద?"

"అది రేపు చెప్తాలే, హాజరుకు టైమయింది. పేరు జయచంద్ర అని వెయ్యి. గోడౌన్ జయచంద్ర అంటే అందరికీ తెలుసు."

ఆ దొరికిపోయినవాడు ఓబయ్య. లోడింగ్ పనిలో పద్నాలుగేళ్లు మూటలు మోసినవాడు. అక్టోబరులో మిషన్ పెట్టి అందరి ముఖాలూ ఎక్కించుకున్నప్పుడు, ఓబయ్య తమిళుల పెరటాసి నెలలో శనివారం కొండకు పోయి వచ్చి గుండుతో ఉన్నాడు. జనవరికల్లా జుట్టూ గడ్డమూ పెరిగాయి. కొత్త సంవత్సరం మొదటి రోజు మిషన్ అతణ్ణి చూసి ఎర్రదీపం వెలిగించింది. కొత్త ముఖం ఎక్కించమంటే, ముందు పాత ముఖంతో సరిపోవాలంది. ఆఫీసులో హాజర్లు చూసే ప్రసన్నకుమారి మేడం ఏమీ తోచక జయచంద్రను అడిగింది. అతను టీ గ్లాసులోంచి తల ఎత్తకుండానే, "మిషన్ అబద్ధం చెప్పదు మేడం" అన్నాడు. ఆమె అదే రాసుకుంది. ఓబయ్య పన్నెండు రోజులు గేటు బయట నిలబడ్డాడు. తర్వాత తిరుచానూరులో పూలగంపలు మోయడానికి పోయాడు. వరసగా తొంభై రోజులు రానివాడి పేరు దానంతటదే చెరిగిపోతుందని ఇంకో రూలు ఉంది. ఆ తొంభయ్యో రోజు కూడా ఈ బుధవారమే.

ఇవేవీ గుర్తులేని జయచంద్ర తొమ్మిదికి పది నిమిషాల ముందు మిషన్ ఎదుట నిలబడి గుండు సవరించుకున్నాడు. పచ్చదీపం వెలిగింది.

"ఓబయ్య. మీ హాజరు నమోదైంది. ధన్యవాదాలు" అంది మిషన్. గేటు తెరుచుకుంది.

గేటు దగ్గరి కాపలాదారు మునిశేఖర్ తల తిప్పి చూశాడు. "ఓబయ్య వచ్చినాడా? యాడప్పా?"

జయచంద్ర కూడా వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. మళ్లీ మిషన్ ముందు ముఖం పెట్టాడు. "ఓబయ్య. మీరు ఇప్పటికే లోపల ఉన్నారు" అంది.

లడ్డు సంచితోనే ప్రసన్నకుమారి దగ్గరికి పరుగెత్తాడు. ఆమె కంప్యూటర్ చూసింది, అతణ్ణి చూసింది, మళ్లీ కంప్యూటర్ చూసింది.

"మీరు వచ్చినారు సార్. కానీ రాలేదు."

"అదేం మాట మేడం, ఎదురుగా ఉండాను గదా."

"నాకు కనపడతా ఉండారు. దీనికి కనపడాల. ముఖం మార్చమని చెన్నై హెడ్డాఫీసుకు పంపొచ్చు, కానీ ముందు మీ పాత ముఖం చూపియ్యాలంట."

"పాత ముఖం కొండ మీదుండాది మేడం. ఈ మూడు దినాలకు రిజిస్టర్‌లో చేత్తో రాసేయండి."

"ఆ రిజిస్టర్ తీసేయమని మీటింగ్‌లో చెప్పింది మీరే గదా సార్. చేతిరాతలో మోసం ఉంటాదని."

మీటింగ్‌లో చెప్పాడు, నిజమే. చప్పట్లు కూడా కొట్టారు. ఇక మిగిలింది కంపెనీ యాప్. అందులో ఫిర్యాదులు వినేది మనిషి కాదు, ఏఐ. అది కూడా ముఖం చూసే తలుపు తీస్తుంది. "నమస్కారం ఓబయ్య గారూ, మీ సమస్య చెప్పండి" అంది. తాను ఓబయ్య కాకపోవడమే సమస్య అని జయచంద్ర టైపు చేశాడు. ఆధారం పంపమంది. ఆధార్ కార్డు పంపాడు. ఆ ఫోటోలోని మీసాల మనిషికీ తమరికీ పోలిక కుదరలేదని, ఇతరుల కార్డులు వాడటం నేరమని మర్యాదగా హెచ్చరించింది. సాయంత్రం దాకా ఓబయ్య గారు అనిపించుకుంటూ, జయచంద్ర పని జయచంద్రే చేశాడు. హాజరు ఓబయ్యది. బయటికి పోయేటప్పుడు కూడా ముఖం చూసి, ఓబయ్యకనే మిషన్ గేటు తీసింది.

ఇంటికి పోతూ తిరుపతిలో నాటకాల సామాన్లు అద్దెకిచ్చే అంగట్లో ఒక పాత విగ్గు కొన్నాడు. ఏదో పౌరాణిక రాజుగారిది, భుజాల దాకా ఉంది. మునిలక్ష్మి కత్తెర పట్టి కత్తిరించింది. మహిత కాటుకతో మీసం దిద్దింది.

"గేములో అయితే ముఖం ఎన్నిసార్లు మార్చినా పేరు నెత్తి మీదనే ఉంటాది నాయనా" అంది మహిత. "మీ మిషన్‌కు ఆ మాత్రం కూడా తెలీదా?"

"నోరు మూసుకుని మీసం పెట్టు" అన్నాడు తండ్రి. అభిప్రాయం మార్చుకునే తీరిక అతనికి లేదు.

మంగళవారం పొద్దున విగ్గుతో మిషన్ ఎదుట నిలబడ్డాడు. ఎర్రదీపం వెలిగింది, గంట మోగింది. "ముఖంపై కృత్రిమ వస్తువు ఉంది. దయచేసి తొలగించండి" అని నాలుగుసార్లు అరిచింది. లోడింగ్ వాళ్లంతా గేటు దగ్గరికి చేరారు. ఎండకు కాటుక కరిగి గడ్డం దాకా వచ్చింది. మునిశేఖర్ దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "నువ్వు ఎవురో నాకు తెలుసబ్బా. నాకు తెలిస్తే ఏం లాభం సెప్పు." జయచంద్ర విగ్గు తీశాడు. పచ్చదీపం వెలిగింది. ఓబయ్యకు రెండో హాజరు పడింది.

మిషన్ వేసే ప్రతి హాజరుకూ ఆ మనిషి ఫోనుకు మెసేజ్ పోతుంది. తిరుచానూరులో గంప నెత్తిన పెట్టుకున్న ఓబయ్యకు ఆ రెండు మెసేజ్‌లూ అందాయి. ఓబయ్య పెద్దగా చదువుకోలేదు గానీ, తన పేరు చదవగలడు.

బుధవారం ఓబయ్యకు మూడో హాజరు కూడా వేయించి, జయచంద్ర నేరుగా ప్రసన్నకుమారి బల్ల దగ్గరికి పోయాడు. ఈసారి చేతిలో ఆధారం ఉంది. స్టెల్లా వీడియోను అప్పటికే లక్ష మంది చూశారు. అందులో గుండు ఉంది, ఇదే ముఖం ఉంది, పేరు జయచంద్ర అని తనే చెప్పుకున్నాడు. ప్రసన్నకుమారి దాన్ని చెన్నై మేనేజర్‌కు పంపింది. అరగంటకు ఆయన ఫోను చేశాడు. ఆమె విని, ఫోను పెట్టేసి, జయచంద్ర వైపు జాలిగా చూసింది.

"మిషన్ అబద్ధం చెప్పదని ఈ వీడియోలో మీరే చెప్తా ఉండారంట సార్. మిషన్ ఏమో మిమ్మల్ని ఓబయ్య అంటా ఉండాది. మీరు చెప్పింది నమ్మితే మీరు జయచంద్ర కాదు. నమ్మకపోతే ఈ వీడియో పనికిరాదు. ఆయనకు ఏం తోచడం లేదంట."

జయచంద్ర కుర్చీలో కూలబడ్డాడు. పదకొండేళ్ల కష్టం కళ్ల ముందు పోతోంది, పట్టుకోవడానికి చెయ్యి అందడం లేదు. భయం వేసింది. ఏడుపు కూడా వచ్చింది, కానీ బల్ల అవతల ఆడమనిషి ఉందని దిగమింగాడు.

"ఒకటే దారి ఉండాది" అంది ప్రసన్నకుమారి. "ఆ మూడు హాజర్లూ నావి కావని ఓబయ్య రాసియ్యాల. అప్పుడు అవి మీకు మార్చొచ్చు. ఓబయ్య గేటు దగ్గరే ఉండాడు. ఓబయ్య ఇప్పటికే లోపలున్నాడని మిషన్ రానియ్యలేదంట. చీటీ ఇచ్చి పిలిపిచ్చినాను."

ఓబయ్య లోపలికి వచ్చాడు. నున్నటి గుండు, గడ్డం లేదు, నెత్తి మీద ఒకచోట కత్తి గాటు.

"మళ్లీ కొండకు పోయినావా?" అని అడిగింది ప్రసన్నకుమారి.

"లేదు మేడం. సెలూన్లో. పోయినసారి స్వామికి ఇచ్చినాను. ఈసారి మీ మిషన్‌కు."

జయచంద్ర లేచి నిలబడి తన కుర్చీ అతనికి జరిపాడు. "ఓబయ్యన్నా, కూర్చో" అన్నాడు. అన్నా అని పిలవడం పదకొండేళ్లలో ఇదే మొదలు. "ఈ మూడు దినాలు నువ్వు రాలేదని ఒక్క ముక్క రాసియ్యన్నా. చచ్చి నీ కడుపున పుడతా."

ఓబయ్య కూర్చోలేదు. కాగితం చేతిలోకి తీసుకుని ప్రసన్నకుమారిని అడిగాడు.

"రాసిస్తే?"

"ఈరోజుకు తొంభై దినాలు నిండుతాయి. నీ పేరు పోతాది."

"రాయకపోతే?"

"నువ్వు మూడు దినాలు వచ్చినట్టే లెక్క. రేపట్నుంచి పనికి రావొచ్చు."

"ఈయనకు?"

"మూడు హాజర్లు తక్కువ. ఇంకో ఏడాది చూడాల."

ఓబయ్య కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. జనవరిలో అతను గేటు బయట నిలబడ్డ పన్నెండు రోజులూ, జయచంద్ర బండి అతని పక్కనుంచే లోపలికి పోయింది. ఒక్కరోజు కూడా ఆగలేదు. ఆ సంగతి జయచంద్రకు ఇప్పుడు, ఈ గదిలో, మొదటిసారి గుర్తొచ్చింది. సిగ్గేసింది. అయినా అడగక తప్పలేదు.

"మిషన్ సంగతి వదిలెయ్యన్నా. నువ్వు మనిషివి. ఇన్నేళ్లు చూసినావు. నేను ఎవురో నువ్వు చెప్పు."

ఓబయ్య అతని గుండును చూశాడు, మీసం లేని పెదవిని చూశాడు, తీరిగ్గా కళ్లలోకి చూశాడు. కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"నాకేం తెలుస్తాది సార్. మనిషి అబద్ధం చెప్తాడు. మిషన్ చెప్పదు."

బల్ల మీద సోమవారం నుంచి విప్పని లడ్డు సంచి ఉంది. ఓబయ్య అందులోంచి చిన్న ముక్క విరిచి కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. ప్రసన్నకుమారికి దండం పెట్టి బయటికి నడిచాడు. గేటు దగ్గర మిషన్ అతణ్ణి చూసి, "ఓబయ్య. ధన్యవాదాలు, రేపు కలుద్దాం" అని దారి ఇచ్చింది.

సాయంత్రం ఆరింటికి జయచంద్ర లడ్డు సంచి చంకలో పెట్టుకుని అదే మిషన్ ఎదుట నిలబడ్డాడు. మిషన్ అతణ్ణి నిదానంగా చూసి, "ఓబయ్య. మీరు ఇప్పటికే వెళ్లిపోయారు" అంది, గేటు తెరవలేదు.