ఓర్మోన్ ఇంటి పొగ

ఆ రోజు ఓర్మోన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అటక మీద పడున్న తండ్రినాటి ఇనప పొయ్యిని దింపి, వెనక గదిలో పెట్టి, దాని రేకు గొట్టాన్ని పాత పొగగూటికి తగిలించడం, అంతే. సాయంత్రానికి కోడలు మేరిమ్ నలభై రోజుల మనవడితో పుట్టింటి నుంచి వస్తోంది. వాళ్ళని తీసుకురావడానికి భార్య బూరుల్ పొద్దున్నే పక్క లోయకి బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"వియ్యపురాలు ముందే చెప్పింది. గదిలో పొగ వాసన తగిలితే పిల్లాణ్ణి అటునుంచటే వెనక్కి పంపెయ్యాలట. సెయిత్ అన్నయ్యని పిలువు. నువ్వు మాత్రం చెయ్యి పెట్టకు."

చెయ్యి పెట్టకు అంటే ఊరుకునే రకమా ఓర్మోన్! పొయ్యి ఒక మూల, పొగగూడు ఇంకో మూల. మధ్యలో గొట్టానికి మూడు వంకరలు పెట్టాడు. పొగ గదంతా తిరిగి వెళ్తే గది మరింత వెచ్చబడుతుందని ఆయన శాస్త్రం. అగ్గిపుల్ల గీశాడు. పొగ శాస్త్రం ప్రకారమే గదంతా తిరిగింది. వెళ్ళడం మాత్రం మరిచిపోయింది.

కిటికీలు బార్లా తెరిచి, కప్పు మీదికెక్కి, పొగగూట్లో కర్ర పెట్టి పొడిచాడు. ఆరేళ్ళ మసి గుప్పున లేచి మొహాన కొట్టింది. ఇక పరువు పక్కన పెట్టి, అక్కణ్ణుంచే సెయిత్‌కి ఫోన్ చేశాడు. ఊళ్ళో పొగగూళ్ళు కట్టేది సెయితే. ఎత్తింది అతని భార్య.

"వదినా, నేను..." దగ్గు తెర వచ్చింది. "ఓర్మోన్... ఇంట్లో పొగ ఆగిపోయింది... సెయిత్‌ని తొందరగా..."

"నేను" దగ్గులో కొట్టుకుపోయింది. ఆ ఊళ్ళో ఎన్ని ఇళ్ళని అడగరు, ఎన్ని పొగలని అడుగుతారు. ఫలానా ఇంట్లో పొగ ఆగిందంటే, ఆ ఇంటి మనిషి పోయాడనే. ఆవిడ పిండి చేతులతోనే వీధిలోకి పరుగెత్తింది.

గంట తిరక్కుండా మగవాళ్ళు గుర్రాల మీద వచ్చి, దూరంగానే దిగి, "అయ్యో నా తోబుట్టువా!" అని ఏడుస్తూ పరుగెత్తుకొచ్చారు. కొందరి చేతుల్లో పారలున్నాయి. శవాన్ని ఉంచే ఉన్ని గుడారం కూడా బండి మీద వచ్చేసింది.

కప్పు మీంచి చూసిన ఓర్మోన్ పక్కింట్లో ఎవరో పోయారనుకున్నాడు. ఎవరు పోయారో! అడుగుదామంటే సిగ్గు. పక్కనే ఉండి తెలియదంటే ఊరు ఊరుకుంటుందా? గబగబా దిగి, అందరికన్నా గట్టిగా ఏడుపు అందుకున్నాడు. మసి మొహాన్ని ఒక్కరూ గుర్తుపట్టలేదు.

సెయిత్ అతని భుజం మీద తల వాల్చి, "మొండి వెధవ. మనసు మాత్రం వెన్న" అన్నాడు.

"నిజం, నిజం" అని ఓర్మోన్ వెక్కాడు.

"గొట్టం నిటారుగా పెట్టరా అని వందసార్లు చెప్పాను. విన్నాడా?"

"ఎక్కడ వింటాడు!" అన్నాడే గాని, ఈ పోయినవాడి సంగతి ఎక్కడో విన్నట్టే తోచింది.

అంతలో కారు ఆగింది. బూరుల్ ఆ జనాన్ని చూసి గేటు దగ్గరే కూలబడింది.

"అయ్యో నా మొగుడా! చెయ్యి పెట్టకని చెప్పానే! ఇక ఎవర్ని తిట్టుకుని బతకనయ్యా!"

"బూరుల్, అయితే పోయింది నేనా?" అన్నాడు మసి మనిషి.

ఏడుపులు టక్కున ఆగాయి. బూరుల్ తలగుడ్డతో ఆ మొహం తుడిచింది, ఒకటి అంటించింది, ఆనక వాటేసుకుని నిజంగా ఏడ్చింది.

"నీ చావుకి నువ్వే వచ్చి ఏడుస్తావుట్రా!" అని సెయిత్ కాలర్ పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు అలాగే లోపలికి ఈడ్చుకెళ్ళాడు. గొయ్యి తవ్వడానికొచ్చినవాళ్ళు పొయ్యిని పొగగూటి కిందికి జరిపారు. మూడు వంకరలూ పీకి, కాకిగూళ్ళు రెండు బస్తాలు తోడి, గొట్టాన్ని ఇంటి కప్పు కొనకన్నా ఎత్తుకి లేపారు. కాగితం ముట్టించి పొయ్యి నోట్లో పెడితే మంట పైకి లాక్కుపోయింది.

అంతసేపూ శవం కోసం తెచ్చిన గుడారంలోనే మేరిమ్ పిల్లాడికి పాలిస్తూ కూర్చుంది. ఓర్మోన్ తల దించుకుని ఎదుట నిలబడ్డాడు.

"తప్పు నాదేనమ్మా. వెళ్ళిపోతానన్నా ఒక్క మాట అనను."

మేరిమ్ లేచి, గదిలోకెళ్ళి, నాలుగు మూలలా వాసన చూసింది. ఆపైన పిల్లాణ్ణి ఉయ్యాల్లో పడుకోబెట్టి, "ఉయ్యాల ఊపండి మామయ్యా. నేను టీ పెడతాను" అంది. ఓర్మోన్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈసారి నెపం పొగ మీదికి నెడదామంటే పొగ లేదు.

టీ తాగి గుర్రమెక్కుతూ సెయిత్ కిటికీలోంచి లోపలికి కేకేశాడు.

"ఒరేయ్ ఓర్మోన్, నీకు రావాల్సిన ఏడుపు ముట్టింది. నిజంగా పోయినప్పుడు మళ్ళీ ఫోన్ చెయ్యకు."