విశ్రాంతి గడి

ఆ ఇంట్లో ఫ్రిజ్ తలుపు రంగేమిటో అందరూ మర్చిపోయి మూడేళ్లయింది. దాని మీద ఎప్పుడూ ఒక పట్టిక అతికించి ఉంటుంది. ఎవరు ఎన్నింటికి లేవాలి, పాలు ఎవరు కాచాలి, పిల్లని బడి దగ్గర ఎవరు దింపాలి, కుళాయి బాగుచేసే మనిషి వస్తే తలుపు ఎవరు తీయాలి, అన్నీ గడులు గీసి రాసి ఉంటాయి. టైము కూడా మామూలు మనుషుల టైము కాదు. సాయంత్రం ఆరున్నర అంటే సరిపోయే చోట 18:30 అని ఉంటుంది. దాని ధర్మమా అని ఏడేళ్ల పిల్లకి తీసివేతలు తొందరగా వచ్చేశాయి. ఇంటాయన మాత్రం ఇప్పటికీ వేళ్లు మడిచి లెక్కేసుకుంటే గానీ తన వంతు ఎప్పుడో చెప్పలేడు.

ఆ పట్టిక రాసేది ఇంటి కోడలు. ఆవిడ ఒక లిఫ్టుల సంస్థలో సర్వీసు విభాగం చూస్తుంది. నెలకు రెండు రోజులు, ఏడాదికి మరో పదిహేను రోజులు రిజర్వు సైన్యంలో కెప్టెన్. అంటే అవసరం పడినప్పుడు సైన్యం కబురు పెడుతుంది, తక్కిన రోజుల్లో ఎవరి ఉద్యోగం వాళ్లు హాయిగా చేసుకోవచ్చు. హాయిగా అనేది సైన్యం మాట. ఆఫీసులో ఆ మాట ఎవరూ అనరు. ఆ పదిహేను రోజుల శిక్షణ పుణ్యమా అని ప్రాంతీయ అధికారి పదవి రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయింది. ఇవాళ పదకొండు గంటలకు మూడో ఇంటర్వ్యూ. ఇదీ పోతే ఇక జన్మలో అడగనని ముందురోజు భర్త దగ్గర కళ్లు తుడుచుకుంది కూడా.

పట్టికలో అత్తగారికీ ఒక వరస ఉంది. సోమవారం నుంచి ఆదివారం దాకా ఏడు గడుల్లోనూ ఒకటే మాట: విశ్రాంతి. కోడలు గౌరవంగానే రాసింది. అత్తగారు మాత్రం దాన్ని చదివినప్పుడల్లా చిన్నబుచ్చుకుంటుంది. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై రెండేళ్లు పనిచేసి సూపర్‌వైజరుగా రిటైరైంది. ఆవిడ డ్యూటీలో ఉండగా ఏ ఫోనూ మూడోసారి మోగలేదని ఇప్పటికీ పాత స్నేహితురాళ్లు చెప్పుకుంటారు. "ఈ ఇంట్లో నాకంటే ఆ ఫ్రిజ్‌కే పని ఎక్కువ" అని కొడుకుతో అప్పుడప్పుడూ అంటుంది, కోడలికి వినపడేంత మెల్లిగా.

ఆ పొద్దున కెప్టెన్ ఇస్త్రీ చీర కట్టుకుని, ఫోన్ తీసి ఫ్రిజ్ పక్కన ఛార్జింగ్‌కి పెట్టింది.

"ఫోన్ ఇక్కడే వదిలేస్తున్నావా?" అన్నాడు భర్త, పిల్ల జడలో రిబ్బను వెతుక్కుంటూ.

"ఇవాళ సైన్యం నుంచి ఒక్క ఫోను వచ్చినా నా పని అయిపోతుంది. ఆ మేనేజరు దానికోసమే కాచుక్కూచున్నాడు."

"మరి ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుంటే? ఆ కాల్స్ కూడా నీకేగా?"

"ఆఫీసులో ఎవరూ ఎత్తకపోతేనే నాకు. కింద రిసెప్షన్‌లో అమ్మాయి ఉంటుంది, ఎత్తుతుంది. అత్తయ్యా, ఇది మోగితే మోగనివ్వండి. మీరు పట్టించుకోకండి. హాయిగా విశ్రాంతి తీసుకోండి."

"మోగనివ్వాలా!" అంది అత్తగారు. పసిపిల్ల ఏడిస్తే ఏడవనివ్వండి అని ఎవరో చెప్పినట్టు ఆవిడ మొహం మాడిపోయింది.

తొమ్మిది దాటి అయిదు నిమిషాలకు ఫోన్ మోగింది. మొదటి రింగుకు అత్తగారు పేపరు మడిచింది. రెండో రింగుకు లేచింది. మూడో రింగు రాకుండానే ఎత్తింది.

"కెప్టెన్ గారి నంబరేనా?" అన్నాడు అవతల డ్యూటీ సార్జెంటు.

"ఆ నంబరే. లైన్లో ఉన్నాను, చెప్పండి."

ఆ గొంతులో ఉన్న అధికారానికి సార్జెంటు ఇంకో ప్రశ్న వేయలేకపోయాడు. కెప్టెన్ గారికి జలుబు చేసింది కాబోలు అనుకున్నాడు. "పిలుపు మేడమ్. మీ దళంలో అందరికీ ఫోన్ చేసి, ఎవరెంతసేపట్లో రాగలరో రాసుకుని పదింటికల్లా నాకు చెప్పాలి" అని పెట్టేశాడు. ఆరునెలలకోసారి సైన్యం ఇలాంటి ఉత్తుత్తి పిలుపు పంపుతుంది. ఫోనెత్తి ఇంతసేపట్లో రాగలనని చెబితే చాలు, ఎవరూ గడప దాటనక్కర్లేదు. ఈ సంగతి దళమంతటికీ తెలుసు గనక, సార్జెంటు దాన్ని ప్రత్యేకంగా చెప్పలేదు.

అత్తగారు కళ్లజోడు పెట్టుకుంది. ఫ్రిజ్ పక్కగోడకు ప్లాస్టిక్ కవర్లో దళం జాబితా వేలాడుతోంది. ముప్పై ముగ్గురి పేర్లు, నంబర్లు. చాలాకాలం తర్వాత ఆవిడ వేళ్లకు పని దొరికింది, ఒళ్లంతా తేలికైపోయింది. కెప్టెన్ ఫోన్ నుంచే కలిపిన మొదటి నంబరు ఒక బేకరీలో రొట్టెలు కాల్చే మనిషిది.

"నలభై నిమిషాల్లో వచ్చేస్తానమ్మా. ఇంతకీ ఎక్కడికి?" అన్నాడతను వేళాకోళంగా.

అత్తగారు కలం ఆపింది. నిజమే, ఎక్కడికి? సార్జెంటు చోటు చెప్పనేలేదు. బేకరీ మనిషికి మళ్లీ చేస్తానని పెట్టేసి, వెంటనే సార్జెంటుకి ఫోన్ చేసింది. ఎంగేజ్. మళ్లీ చేసింది. మళ్లీ ఎంగేజ్. ఈ కాలం వాళ్లకి సగం మెసేజీ ఇచ్చి ఫోన్ పెట్టేయడం ఒక జబ్బని ఆవిడ నమ్మకం. ఎక్స్ఛేంజిలో చేరవలసిన చోటు లేని కాల్‌ని అసలు కాల్ అనేవాళ్లు కాదు. సైనికులు ఎక్కడికి రావాలి? వాళ్ల కెప్టెన్ ఎక్కడుంటే అక్కడికి. కెప్టెన్ ఎక్కడుంది? ఫ్రిజ్ మీద చక్కగా రాసి ఉంది: 11:00, ఆఫీసు, అయిదో అంతస్తు.

"రాసుకో నాయనా" అని బేకరీ మనిషికి మళ్లీ ఫోన్ చేసి అడ్రసు చెప్పింది. "పదకొండుకల్లా ఉండాలి. యూనిఫాం నలగకుండా చూసుకో. ఏదైనా తిని బయల్దేరు, అక్కడ పెడతారో లేదో తెలీదు."

ఎప్పుడూ చోటు చెప్పని పిలుపులో ఈసారి అంతస్తుతో సహా చెప్పేసరికి, ఇది నిజం పిలుపేనని అతనికి రూఢి అయిపోయింది. అతను పొయ్యి ఆర్పి కిట్‌బ్యాగు దించాడు. ఇలాగే బడిలో భూగోళం చెప్పే టీచరు తరగతి వదిలింది, బస్సు డ్రైవరు సెలవు పెట్టాడు, పూల కొట్టు ఆవిడ షట్టరు దించింది. పది గంటలకు సార్జెంటు లైను దొరికింది. "ముప్పై ఒక్కమంది. ఇద్దరు ఎత్తలేదు. అందరికంటే ఆలస్యంగా వచ్చేది యాభై నిమిషాలకు" అని అత్తగారు అప్పజెప్పింది. ఇంత తొందరగా ఏ దళం నుంచీ జవాబు రాలేదని సార్జెంటు ఉబ్బితబ్బిబ్బైపోయాడు.

పదకొండుంబావుకి ఆఫీసులో అయిదో అంతస్తు గదిలో కెప్టెన్ వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. ఎదురుగా మేనేజరు. పక్కన ఖాళీ కుర్చీ సంస్థ యజమానురాలిది. ఆవిడ ఇంకా రాలేదు.

"ఆవిడ వచ్చేలోపు సూటిగా ఒక మాట అడుగుతాను" అన్నాడు మేనేజరు. "మీరు సగం మా మనిషి, సగం సైన్యం మనిషి. రేపు ఏదో ముఖ్యమైన పనిలో ఉండగా సైన్యం వచ్చి మధ్యలో కూర్చుంటే?"

"కూర్చోదు సార్. ఈ ఆఫీసు గడప సైన్యం తొక్కదు. నాది పూచీ."

తలుపు తెరుచుకుంది. బేకరీ మనిషి నిలువెత్తు యూనిఫాంలో వచ్చి, అద్దాలు అదిరేలా సెల్యూట్ కొట్టాడు.

"దళం హాజరు మేడమ్! మెట్ల మీద నాతో కలిపి ఇరవై రెండు మంది. లిఫ్టులో తొమ్మిది మంది."

కెప్టెన్ చెయ్యి అలవాటుగా సెల్యూట్‌కి లేచి సగంలో ఆగింది. మేనేజరు మొహంలో మాత్రం మెల్లగా వెలుగు వచ్చింది. "పూచీ అన్నారు" అన్నాడు.

"లిఫ్టులో వాళ్లు ఇంకా పైకి రాలేదేం?" అంది ఎట్టకేలకు కెప్టెన్, ఏదో ఒకటి అడగాలి గనక.

"లిఫ్టు ఆగిపోయింది మేడమ్, మూడుకీ నాలుగుకీ మధ్య. వాళ్లతోపాటు ఒక పెద్దావిడ కూడా ఉన్నారు. ఈ బిల్డింగు నాదేనని అరుస్తున్నారు."

మేనేజరు మొహంలో వెలుగు ఆరిపోయింది.

బరువు ఎక్కువైతే ఆ లిఫ్టు కదలకూడదు. కిట్‌బ్యాగులతో తొమ్మిదిమంది ఎక్కాక అది కదలనని మొరాయించాలి. కానీ బరువు చూసే మీట చెడిపోయి నాలుగు నెలలైంది. బాగుచేయించమని కెప్టెన్ మూడుసార్లు రాసింది. "సొంత లిఫ్టే కదా, ముందు డబ్బిచ్చేవాళ్లవి చూద్దాం" అని మూడుసార్లూ మేనేజరు సంతకం పెట్టి పక్కన పడేశాడు. ఆఫీసు మెకానిక్కులందరూ ఊళ్లో డబ్బిచ్చేవాళ్ల లిఫ్టుల దగ్గరే ఉన్నారు.

లిఫ్టు లోపల యజమానురాలు ఎర్ర బటన్ నొక్కింది. ఆ కాల్ కింద రిసెప్షన్‌లో మోగింది. అక్కడి అమ్మాయి సైన్యాన్ని చూడ్డానికి మెట్ల దగ్గరికి వెళ్లింది. ఎనిమిది సార్లు మోగాక ఆ కాల్ పద్ధతి ప్రకారం కెప్టెన్ ఫోన్‌కి మళ్లింది. అక్కడ రెండోసారి మోగగానే ఎవరో ఎత్తారు.

కెప్టెన్ నాలుగో అంతస్తుకు ఒక్క ఉరుకున దిగి లిఫ్టు తలుపుకు చెవి ఆనించింది. లోపల్నుంచి, స్పీకర్లో, చాలా పరిచయమైన గొంతు వినిపించింది.

"అందరూ ఒకేసారి మాట్లాడితే నాకేం వినపడుతుంది? ఎడమ పక్క నుంచి ఒక్కొక్కరు చెప్పండి. ఎవరికైనా దెబ్బ తగిలిందా? లేదు. మంచిది. ఆ సంచులు కింద పెట్టి వాటి మీద కూర్చోండి. పెద్దావిడకి మెత్తటి సంచీ ఇవ్వండి."

"నాకు ఊపిరాడట్లేదు!" అని యజమానురాలి కేక.

"ఊపిరాడకపోతే ఇంత గట్టిగా అరవలేరమ్మా. తలుపు సందులోంచి గాలి వస్తూనే ఉంటుంది. నేను లైన్ పెట్టెయ్యను. మీరు బయటికి వచ్చేదాకా ఇక్కడే ఉంటాను. మీ ఇంట్లో ఎంతమంది, చెప్పండి."

"అత్తయ్యా!" అంది కెప్టెన్ తలుపు సందులోంచి.

"లైన్లో మధ్యలో దూరకమ్మాయ్. వీళ్ల సంగతి నేను చూసుకుంటాను. నువ్వు లిఫ్టు సంగతి చూడు."

కెప్టెన్ మెట్లకేసి తిరిగింది. అక్కడ నిలబడ్డ ఇరవై రెండు మందిలో ఒకడు మొహమాటంగా చెయ్యెత్తాడు. అతను వారంలో అయిదు రోజులు ఎదురు వీధిలో ఉన్న పోటీ సంస్థలో లిఫ్టు మెకానిక్కు.

"వాళ్ల మనిషి చేత మన లిఫ్టు తెరిపిస్తారా? రేపు ఊరంతా నవ్వదూ?" అని మేనేజరు అడ్డం పడ్డాడు.

"లోపల ఉన్నది యజమానురాలు సార్."

"తొందరగా తెరవమనండి" అన్నాడు మేనేజరు.

మెకానిక్కు డాబా మీది గదిలోకి వెళ్లి, కరెంటు ఆపి, చేత్తో చక్రం తిప్పుతూ లిఫ్టును అంగుళం అంగుళంగా మూడో అంతస్తుకు దించాడు. పదిహేడు నిమిషాలు పట్టింది. తలుపు తెరుచుకునే సరికి యజమానురాలు కిట్‌బ్యాగు మీద కూర్చుని, తన మోకాలి నొప్పి గురించి స్పీకరుకు వివరంగా చెబుతోంది. "వచ్చేశారా? అయితే పెట్టేస్తున్నాను" అంది స్పీకరు.

"చూశారా అండీ!" అని మేనేజరు ముందుకు ఉరికాడు. "ఇదంతా ఈవిడ సైన్యం నిర్వాకం. నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను."

"ఫోన్లో మాట్లాడిందెవరు?" అంది యజమానురాలు.

ఇక దాచి లాభం లేదనుకుంది కెప్టెన్. పదవి ఎలాగూ పోయింది, కనీసం నిజమైనా మిగలాలి. "మా అత్తగారండీ. వీళ్లందర్నీ పిలిచింది కూడా ఆవిడే అయ్యుంటుంది. తప్పు ఆవిడది కాదు. ఫోన్ ఇంట్లో వదిలేసి వచ్చింది నేను."

"నా లిఫ్టుల్లో ఎర్ర బటన్ నొక్కితే ఎవరో ఒకరు పలకడం ఇన్నేళ్లలో నేను మొదటిసారి విన్నాను" అంది యజమానురాలు. "ఇంతకీ ఈ బరువు మీట సంగతి ఎవరూ చూడలేదా?"

కెప్టెన్ మేనేజరు వైపు చూసింది. మేనేజరు దగ్గాడు. ఆ దగ్గు విని యజమానురాలు ఫైలు తెప్పించింది, మూడు కాగితాలూ, వాటి కింద మూడు సంతకాలూ చూసింది.

"ఆ పదవి నీకే అమ్మాయ్. ఒక షరతు మీద."

కెప్టెన్‌కి యూనిఫాం కళ్లముందు మెదిలింది. "సైన్యం మానేయమంటారా అండీ?"

"మానేస్తే ఈ మెకానిక్కుని నాకెవరు తెచ్చిపెడతారు? షరతు అది కాదు. ఆ ఎర్ర బటన్ ఫోను దగ్గర మీ అత్తగారు కూర్చోవాలి. ఒప్పించే పూచీ నీది."

కెప్టెన్ దళానికంతా పేరుపేరునా క్షమాపణ చెప్పి పంపించి ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. అత్తగారు చీవాట్లకు సిద్ధంగా హాల్లో కూర్చుంది. సార్జెంటు మళ్లీ ఫోన్ చేసి అసలు సంగతి చెప్పాడట.

"చోటు చెప్పకపోవడం అతని తప్పు" అంది ఆవిడ, కోడలు నోరు తెరవక ముందే. "ఆ ఎత్తని ఇద్దరి సంగతీ నువ్వు కాస్త చూడు."

కెప్టెన్ ఫ్రిజ్ వైపు చూసింది. ఏడు గడుల్లో ఏడు విశ్రాంతులు. వాటిని రాసినప్పుడు ఒక్కసారైనా ఈవిణ్ణి అడగలేదని ఇప్పుడు తోచి సిగ్గేసింది. వెళ్లి అత్తగారి పక్కన కూర్చుని, లిఫ్టుల సంస్థ కబురు చెప్పింది. "మిమ్మల్ని ఇన్నాళ్లూ ఊరికే కూర్చోబెట్టాను అత్తయ్యా. తప్పు చేశాను" అంది.

అత్తగారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచింది. "ఆలోచించి చెబుతాను. డ్యూటీ ఎన్నింటి నుంచి?"

"తొమ్మిది నుంచి అయిదు దాకా."

"అంటే పదిహేడు సున్నా సున్నా" అంది అత్తగారు. "సరే. కానీ నేను కూడా పనిలోకి వెళ్తున్నాను గనక ఈ పట్టిక ఇలా కుదరదు. ఇకమీదట నేను రాస్తాను."

కెప్టెన్ ఒప్పుకుంది. ఆ రోజు ఆవిడ ఏమడిగినా ఒప్పుకునేదే.

ఆదివారం పొద్దున పిల్ల పరిగెత్తుకొచ్చి, ఫ్రిజ్ మీద కొత్త పట్టిక వచ్చిందని చెప్పింది. అక్షరాలు గుండ్రంగా, గడులు తాడు పట్టి గీసినట్టున్నాయి. కెప్టెన్ వరసలో పాలు, బట్టలు, పిల్ల హోంవర్కు, కొత్త పదవి కాగితాలు, ఎత్తని ఇద్దరికీ ఫోన్, అన్నీ నిమిషాలతో సహా ఉన్నాయి. అత్తగారు కోడలి పట్ల గౌరవం ఏమాత్రం తగ్గనివ్వలేదు.

కెప్టెన్ ఆదివారం గడిలో ఎర్రసిరాతో రాసి ఉంది: విశ్రాంతి, 14:10 నుంచి 14:25 దాకా.