గురువారం దాకా ఆగుదాం

జపాన్ ఉత్తరాన ఉన్న నయోరోలో జనవరి నెలంటే పొద్దున్నే గుమ్మం ముందు మంచు తవ్వితే గానీ కాలు బయటపెట్టడానికి ఉండదు. ఆ సోమవారం ఆ పని ముగించుకుని వచ్చిన షిదా యసునోరి, మిసో సూప్ తాగుతూ భార్య మిత్సుయేకి తన పథకం వివరించాడు. గురువారం నుంచి కిరసనాయిలు ధర తగ్గుతుందని పేపర్లో వేశారు. పెరట్లో ట్యాంకు అడుగున ఇంకా కాస్త ఉంది. దానితో మండే హీటరు తగ్గించి మూడు రోజులు నెట్టుకొస్తే, కొత్త ధరకు ట్యాంకు నింపించుకోవచ్చు.

"మూడు రోజులేగా," అన్నాడు.

"ఆ మాట మీరు నా మోకాళ్ళకి చెప్పండి," అని మిత్సుయే వెళ్ళి రెండో స్వెటర్ తొడుక్కుంది.

అప్పటి నుంచి యసునోరికి కాలు నిలవలేదు. గంటకోసారి బూట్లేసుకుని పెరట్లోకి వెళ్ళి, ట్యాంకుకున్న గాజుగొట్టంలో చమురు మట్టం చూపే ఎర్రబిళ్ళ ఎంత దిగిందో చూసి వచ్చేవాడు. తలుపు తీసినప్పుడల్లా ఉన్న కాస్త వెచ్చదనం బయటికి పోయేది. దాంతో హీటరు పెంచాల్సి వచ్చేది. పెంచాక బెంగపట్టుకుని మళ్ళీ బిళ్ళ చూడ్డానికి పరిగెత్తేవాడు.

మంగళవారం వీధి సంఘం పెద్ద నిషియా గారు, ముల్లంగి ఊరగాయ ఇచ్చి పోదామని వచ్చింది. లోపల మొగుడూ పెళ్ళాలిద్దరూ కోట్లు, టోపీలు వేసుకుని టీవీ చూస్తున్నారు. పలకరిస్తే నోళ్ళలోంచి ఆవిరి వచ్చింది. ధర తగ్గడం కోసం ఆగామంటే వీధంతా పిసినారులంటుందని మిత్సుయే భయపడింది. హీటరు పాడైందని నోటికొచ్చిన అబద్ధం ఆడేసింది.

నిషియా గారి అల్లుడి పనే హీటర్లు బాగుచేయడం. అరగంటలో సామాను పెట్టెతో దిగాడు. ఈలోపే దానంతటదే బాగైందని యసునోరి గుమ్మంలోనే అడ్డుపడబోయాడు. అల్లుడు పెద్దాయన్ని సున్నితంగా పక్కకు జరిపి, వెళ్ళి మీట పెంచాడు. హీటరు బుస్సుమని మండింది. అతను మిత్సుయే స్వెటర్ల కేసి చూశాడు, పెరట్లోకి వెళ్ళి గాజుగొట్టం చూశాడు. తర్వాత కూలీ కూడా పుచ్చుకోకుండా, తల వంచి నమస్కరించి వెళ్ళిపోయాడు.

"అతను ఇంకోలా అనుకున్నాడండీ," అంది మిత్సుయే.

"ఏమనుకున్నాడు?"

"మన దగ్గర చమురు కొనడానికి డబ్బుల్లేవని."

బుధవారం పొద్దున్నే నిషియా గారు గుమ్మంలో ఉంది. ఆమె వెనక వీధివాళ్ళు పదిమంది, మంచుబండ్ల మీద తలా రెండు కిరసనాయిలు క్యాన్లు లాక్కుని వచ్చారు. పేదవాడనిపించుకోవాలా, పిసినారనిపించుకోవాలా అన్నది యసునోరి అక్కడికక్కడే తేల్చుకోవాల్సి వచ్చింది.

"మీరనుకుంటున్నట్టు కాదండీ, మేము..." అని మొదలుపెట్టాడు.

"ఇంకేం చెప్పకండి షిదా గారూ. మీ పెన్షన్ ఏపాటిదో మాకు తెలీదా? మా సంగతంటారా, రేపు ఎటూ ధర తగ్గుతోంది, అప్పుడు నింపించుకుంటాం," అంది నిషియా గారు.

క్యాన్లు ఒక్కొక్కటీ ట్యాంకులోకి వంచారు. ఒక్కో క్యానుకీ మిత్సుయే నడుం వంచి దండం పెట్టింది. చివరికి ఎర్రబిళ్ళ గొట్టం పైకొసకి చేరింది.

గురువారం ధర తగ్గలేదు. వీధిలో ఎవరూ ఊహించనంతగా పెరిగి కూర్చుంది.

ఆ వార్త విన్నాక యసునోరి ఇంట్లో కూర్చోలేకపోయాడు. చమురు తోడి ఎవరిది వాళ్ళకి ఇచ్చేద్దామంటే, ఇచ్చినవాళ్ళ మొహాన కొట్టినట్టుంటుందని మిత్సుయే ఒప్పుకోలేదు. మధ్యాహ్నానికి ఇక ఆగలేక నిషియా గారింటికి వెళ్ళి తలుపు కొట్టాడు. ఆమె దుప్పటి కప్పుకుని వచ్చింది.

"మాకు డబ్బుల్లేక కాదండీ," అన్నాడు, నేల చూపులు చూస్తూ. "ధర తగ్గుతుందని ఆగాను. అంతే."

నిషియా గారు దుప్పటి ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"మేమూ అందుకే ఆగాం," అంది. "వీధి వీధంతా అందుకే ఆగింది. మా ట్యాంకులో చుక్క లేదు. చమురు బండివాడేమో సోమవారం దాకా రానంటున్నాడు."

యసునోరి చెవులదాకా ఎర్రబడ్డాడు. ఏం చేయాలో తోచక, బండి వచ్చేదాకా అందరూ తన ఇంట్లోనే ఉండాలని బతిమాలాడు.

సాయంత్రమయ్యేసరికి షిదా వారి ముందుగదిలో ఇరవైమంది చేరారు. మిత్సుయే పెద్ద గిన్నెతో కూర పులుసు పెట్టింది. యసునోరి హీటరు ఎంతవరకు పెరుగుతుందో అంతవరకు పెంచి, మొదటిసారిగా కుదురుగా కూర్చున్నాడు.

కాసేపటికి నిషియా గారు కాలర్ వదులు చేసుకుంటూ, మరీ ఉక్కగా ఉంది, కాస్త కిటికీ తీయమంది.